హారిసన్ దశాబ్దం: ఏడు రికార్డులు, ఒక దేశం పేరు

పదేళ్లు గడిస్తే చాలు, పాలకులకు మార్కులు వేయడం రాజకీయ వ్యాఖ్యాతలకు అలవాటు. ఎవరి హయాంలో ఏం జరిగింది, ఏది నిలిచింది, ఏది కొట్టుకుపోయింది అని లెక్కలు తీయడంలో ఒక ఆనందం ఉంది. పాప్ సంగీతాభిమానులకూ ఇదే వ్యసనం. బీటిల్స్ నలుగురిలో చిన్నవాడైన జార్జ్ హారిసన్ 1970 నుంచి 1979 వరకు సొంతంగా తెచ్చిన రికార్డులను వరుసలో పేర్చడం వారికి ఏనాటినుంచో కాలక్షేపం. స్టూడియోలో చేసినవి ఆరు, కచేరీ వేదిక మీది నుంచి వచ్చినది ఒకటి. మామూలుగా ఆ జాబితాలలో ఏడోదాన్ని వదిలేస్తారు. అది ఒక్కడి సృష్టి కాదనీ, పాత పాటలే ఎక్కువనీ కారణం చెబుతారు. లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో కూర్చుని వేసే లెక్కలో అది సబబే కావచ్చు. ఉపఖండంలో కూర్చుని వేసే లెక్కలో దాన్ని వదలడం సాధ్యం కాదు. ఎందుకంటే ఆ రికార్డు అట్ట మీద ఉన్నది ఒక దేశం పేరు. కచేరీ జరిగిన నాటికి ప్రపంచంలోని ఏ ప్రభుత్వమూ గుర్తించని దేశం పేరు.

అట్టడుగున ఉండవలసింది ఏదో తేల్చడం కష్టమేమీ కాదు. 1975 సెప్టెంబర్‌లో వచ్చిన 'ఎక్స్‌ట్రా టెక్స్చర్'కు ఆ స్థానం దక్కుతుంది. లాస్ ఏంజెలెస్‌లో, మనసు బాగాలేని రోజుల్లో, కంపెనీకి బాకీ ఉన్న రికార్డును అప్పగించి బయటపడాలన్న తొందరలో చేసిన పని అది. బీటిల్స్ సొంత సంస్థ ఆపిల్‌కు హారిసన్ ఇచ్చిన చివరి ఆల్బమ్ అదే. లేబుల్ మీద ఎప్పుడూ కనిపించే నిండు ఆపిల్ పండు బదులు కొరికి వదిలేసిన గుజ్జులేని మధ్యభాగం బొమ్మ వేశారు. ఆ పరిహాసం లోపలి సంగీతానికీ వర్తించింది. అందులో హుషారైన పాట 'యూ' నిజానికి నాలుగేళ్ల కిందట రానీ స్పెక్టర్ కోసం తయారుచేసి పక్కన పెట్టిన బాణీ. మిగిలినవి పియానో మీద నెమ్మదిగా సాగే దిగులు పాటలు. 'టైర్డ్ ఆఫ్ మిడ్‌నైట్ బ్లూ' ఒక్కటి మాత్రం మళ్లీ వినాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక కాకతాళీయాన్ని ప్రస్తావించక తప్పదు. ఆ ఆల్బమ్ రావడానికి అయిదు వారాల ముందు, ఆగస్టు 15న, ఢాకాలో షేక్ ముజిబుర్ రహ్మాన్‌ను ఆయన ఇంట్లోనే సైనికాధికారులు కుటుంబంతో సహా కాల్చి చంపారు. భారతదేశంలో అత్యవసర పరిస్థితి మొదలై మూడు నెలలు కావస్తోంది. ఆ దశాబ్దంలో హారిసన్ చేసిన రికార్డులన్నింటిలో భారతదేశపు ఊసు గానీ, భక్తి ఊసు గానీ దాదాపు లేనిది ఇదొక్కటే. కారణం వ్యక్తిగతం, దానికీ ఢాకాకూ ఢిల్లీకీ ఏ సంబంధమూ లేదు. అయినా తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ మౌనం చెవిన పడుతుంది.

దానికి ఒక మెట్టు పైన 1974 డిసెంబర్ నాటి 'డార్క్ హార్స్'. గొంతు చెడిపోయిన గాయకుడి రికార్డు ఇది. ఉత్తర అమెరికా పర్యటనకు రిహార్సల్స్ చేస్తూనే పగలూ రాత్రీ పాటలు పూర్తిచేసే పనిలో స్వరపేటిక వాచిపోయింది. బొంగురుగొంతుతోనే పాడాడు. భార్య ప్యాటీ బాయిడ్ అతన్ని వదిలి ఆప్తమిత్రుడు ఎరిక్ క్లాప్టన్ దగ్గరికి వెళ్లిపోయిన ఏడాది అది. ఆ గాయమూ రికార్డులో వినిపిస్తుంది. విమర్శకులు పేరులోని అక్షరాలతో శ్లేషలాడి ఎగతాళి చేశారు. కానీ 'సో సాడ్' వంటి పాటలో పగిలిన ఆ గొంతే సరైన గొంతు అనిపిస్తుంది. అదే ఏడాది రవిశంకర్‌తో కలిసి బృందావనం వెళ్లి వచ్చిన అనుభవంతో చేసిన కృష్ణ భజన ఆల్బమ్ చివర ఉంది. మన భజన మండలి నుంచి నేరుగా లేచి వచ్చినట్టుండే ఆ పాటలో ఒక అమాయకపు వేడుక ఉంది.

ఆ పర్యటనలో కచేరీ మధ్య రవిశంకర్ బృందానికి ప్రత్యేకంగా సమయం కేటాయించాడు హారిసన్. హరిప్రసాద్ చౌరాసియా, శివకుమార్ శర్మ, అల్లా రఖా, ఎల్. సుబ్రహ్మణ్యం, టి.వి. గోపాలకృష్ణన్, లక్ష్మీ శంకర్ ఆ బృందంలో ఉన్నారు. ఇవాళ అటువంటి బృందాన్ని ఒకే వేదిక మీద ఊహించుకోవడమే కష్టం. బీటిల్స్ పాటల కోసం టిక్కెట్లు కొన్న జనం మాత్రం అసహనంతో కదిలారు. మధ్యలో షికాగోలో రవిశంకర్‌కు గుండెపోటు వచ్చింది.

డిసెంబర్ 13న ఈ బృందం వైట్‌హౌస్‌కు వెళ్లింది. ఆహ్వానించింది అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ కుమారుడు. ద్రవ్యోల్బణాన్ని తరిమికొట్టాలని నాడు ఫోర్డ్ ప్రభుత్వం పంచిన బ్యాడ్జీని అధ్యక్షుడు హారిసన్‌కు ఇచ్చాడు. హారిసన్ ఓంకారం ఉన్న బ్యాడ్జీని ఆయనకు ఇచ్చాడు. ముచ్చటైన ఫొటో అది. అయితే ఆ ఏడాదే బంగ్లాదేశ్ ఘోరమైన కరువులో చిక్కుకుంది. క్యూబాకు జనపనార సంచులు అమ్మినందుకు అమెరికా తన ఆహార సాయాన్ని నిలిపి ఉంచింది కూడా ఆ ఏడాదే. తిండిగింజలు దేశంలో ఉండీ జనం ఎందుకు చనిపోయారన్న ప్రశ్నను తర్వాత అమర్త్య సేన్ తన పుస్తకంలో విశ్లేషించారు. మూడేళ్ల కిందట ఆ దేశం కోసం అమెరికా నడిబొడ్డున జోలె పట్టిన మనిషి, ఆ సాయాన్ని ఆపిన ప్రభుత్వాధినేతతో బ్యాడ్జీలు మార్చుకుంటున్న దృశ్యాన్ని కపటమని కొట్టిపారేయనవసరం లేదు. కళాకారుడికి తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో ఆ ఫొటో చూపిస్తుంది.

అయిదో స్థానం 1976 నవంబర్‌లో వచ్చిన 'థర్టీ త్రీ అండ్ ఏ థర్డ్'ది. ఎల్పీ రికార్డు నిమిషానికి తిరిగే చుట్లూ, అప్పటి తన వయసూ ఒకటే కావడంతో పెట్టిన పేరు. చాలామంది దీన్ని ఇంకా పైన పెడతారు. శుభ్రమైన రికార్డు, సరదా రికార్డు. కానీ దాని బలమంతా ఒక కోర్టు కేసు చుట్టూ ఉంది. 'మై స్వీట్ లార్డ్' బాణీ 1963లో షిఫాన్స్ బృందం పాడిన 'హీ ఈజ్ సో ఫైన్'కు కాపీ అని వేసిన దావాలో ఆ ఏడాదే న్యూయార్క్ న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ తీర్పు చెప్పాడు. కావాలని కాకపోయినా, తెలియకుండానే మనసు అడుగు పొరల నుంచి కాపీ కొట్టాడన్నది తీర్పు సారాంశం. ఆ న్యాయమూర్తి స్వయంగా సంగీత రూపకాలు రచించినవాడు కావడం విశేషం. హారిసన్ దానికి 'దిస్ సాంగ్' అనే వ్యంగ్య గీతంతో బదులిచ్చాడు. తీర్పు తర్వాతి కథ ఇంకా విచిత్రం. హారిసన్ తరఫున ఒకప్పుడు వ్యవహారాలు నడిపిన ఆలన్ క్లైన్, ఆ దావా వేసిన కంపెనీనే 1978లో 5,87,000 డాలర్లకు కొనుక్కున్నాడు. నిన్నటి వకాల్తాదారు నేటి ప్రతివాది అయ్యాడన్నమాట. పార్టీ ఫిరాయింపులను రోజూ చూసే పాఠకులకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. 1981లో న్యాయస్థానం ఆ లాభాన్ని క్లైన్‌కు దక్కనివ్వలేదు. అతను పెట్టిన సొమ్మెంతో అంతే చెల్లించి హక్కులు తీసుకోవచ్చని హారిసన్‌కు చెప్పింది.

నాలుగోది 1979 ఫిబ్రవరి నాటి 'జార్జ్ హారిసన్'. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సంతృప్తిగా ఉన్న మనిషి చేసిన రికార్డు. ఒలీవియాతో పెళ్లి, కొడుకు పుట్టడం, తోటపని, కార్ల పందేలు, ఇవే అందులోని విషయాలు. 'బ్లో అవే' వింటుంటే వాన వెలిసిన సాయంత్రం గుర్తుకొస్తుంది. 1968లో బీటిల్స్ వంద సార్లకు పైగా రికార్డు చేసి కూడా పక్కన పడేసిన 'నాట్ గిల్టీ'ని పదేళ్ల తర్వాత కోపమంతా తీసేసి, దాదాపు గొణుగుతున్నట్టు పాడాడు. ఆ కొడుకుకు పెట్టిన పేరు ధని. ద, ని అన్న రెండు స్వరాలు కలిపిన పేరు. పుట్టిన తేదీ 1978 ఆగస్టు 1.

ఆ తేదీకి ఏడేళ్ల వెనక్కి వెళ్లాలి. 1971 ఆగస్టు 1, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు కచేరీలు. దాదాపు 40,000 మంది శ్రోతలు. అంతకు ముందు ఏడాది నవంబర్‌లో తూర్పు పాకిస్తాన్ తీరాన్ని పెను తుపాను ముంచెత్తింది. మార్చి 25 రాత్రి నుంచి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో ఊచకోత మొదలుపెట్టింది. శరణార్థులు లక్షల్లో సరిహద్దు దాటి భారతదేశంలోకి వస్తున్నారు. ఏడాది చివరికి ఆ సంఖ్య కోటికి చేరింది. ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ తన ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ ఏప్రిల్‌లోనే తంతి పంపాడు. నిక్సన్ దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. చైనాతో రహస్య రాయబారానికి యాహ్యా ఖాన్ వంతెనగా ఉపయోగపడుతున్నాడు. కిసింజర్ పాకిస్తాన్ మీదుగా గుట్టుగా బీజింగ్ వెళ్లి వచ్చింది కచేరీకి మూడు వారాల ముందే. కచేరీ జరిగిన ఎనిమిది రోజులకు ఢిల్లీలో భారత్, సోవియట్ యూనియన్ మైత్రీ ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

ఈ రెండు తేదీల మధ్య ఒక గిటార్ వాద్యకారుడు అమెరికా పత్రికలు 'తూర్పు పాకిస్తాన్' అని రాస్తున్న చోటికి 'బంగ్లా దేశ్' అని పేరు పెట్టి పాట విడుదల చేశాడు. పాటలో సైన్యం లేదు, యాహ్యా లేడు, నిక్సన్ లేడు. స్నేహితుడు కన్నీళ్లతో వచ్చి చెప్పిన దుఃఖమూ, జనం చనిపోతున్నారన్న మాటా, సాయం చేయమన్న విన్నపమూ, అంతే ఉన్నాయి. రాజకీయం లేని పాట అని అప్పుడూ ఇప్పుడూ విమర్శించేవారు ఉన్నారు. కానీ ముజిబ్‌నగర్‌లో ఏప్రిల్‌లో ప్రమాణ స్వీకారం చేసిన ప్రవాస ప్రభుత్వాన్ని ఆగస్టు 1 నాటికి ఇందిరా గాంధీ కూడా గుర్తించలేదు. భారత్ గుర్తింపు డిసెంబర్ 6న గానీ రాలేదు. అటువంటి సమయంలో ఆ పేరును పోస్టర్ల మీద, టిక్కెట్ల మీద, రేడియో వ్యాఖ్యాతల నోట పెట్టడం కంటే రాజకీయమైన పని ఏముంటుంది? విదేశాంగ శాఖలు తప్పించుకు తిరుగుతున్న పదాన్ని రాక్ సంగీత శ్రోతలు వల్లెవేశారు.

ఆ స్నేహితుడు రవిశంకర్. ఆయన పూర్వికుల ఊరు తూర్పు బెంగాల్లోది. ఆ వేదిక మీద ఆయన పక్కన సరోద్ పట్టుకుని కూర్చున్న అలీ అక్బర్ ఖాన్ పుట్టింది నాటి త్రిపుర ప్రాంతపు శిబ్‌పూర్ గ్రామంలో. అదీ ఇప్పటి బంగ్లాదేశ్‌లోనే. ఒక హిందువూ ఒక ముస్లిమూ, ఒకే గురువు అల్లావుద్దీన్ ఖాన్ శిష్యులు, తమ నేల కోసం 'బంగ్లా ధున్' వాయిస్తున్నారు. తబలా మీద జమ్మూ నుంచి వచ్చిన అల్లా రఖా. మత ప్రాతిపదికన ఏర్పడిన దేశం భాష ప్రాతిపదికన చీలుతున్న వేళ ఆ వేదిక కూర్పు చెప్పినంత స్పష్టంగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. సితార్ శ్రుతి చేసుకుంటుంటే జనం అదే కచేరీ అనుకుని చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంత నచ్చితే వాయించడం ఇంకెంత నచ్చుతుందోనని రవిశంకర్ నవ్వుతూ అన్న మాట రికార్డులో పదిలంగా ఉంది.

సంగీతం మాటకొస్తే ఈ రికార్డుకు మూడో స్థానం. రింగో స్టార్, క్లాప్టన్, లియాన్ రస్సెల్, బిల్లీ ప్రెస్టన్, అన్నింటికీ మించి బాబ్ డిలన్ వంటివారు తలా ఒక చెయ్యి వేసిన దాన్ని ఒక్కడి ఖాతాలో ఇంకా పైకి ఎక్కించడం న్యాయం కాదు. అట్ట మీద ఖాళీ పళ్లెం ముందు కూర్చున్న బక్కచిక్కిన పిల్లవాడి బొమ్మ కూడా ఇబ్బంది పెడుతుంది. బంగ్లాదేశ్ అంటే ఆకలి అన్న ముద్ర పడిపోవడానికి ఆ బొమ్మ కొంత కారణమైంది. అందులో పోరాటం లేదు, భాషోద్యమం లేదు, ఎన్నికల్లో గెలిచి కూడా అధికారం దక్కని ప్రజల ఆగ్రహం లేదు.

అసలు కథ డబ్బుది. పాతిక వేల డాలర్లు వస్తే చాలనుకున్న రవిశంకర్ అంచనాకు పది రెట్లు, 2,43,418 డాలర్ల 50 సెంట్లు టిక్కెట్ల మీదే వచ్చాయి. ఆ చెక్కు యునిసెఫ్‌కు వెంటనే చేరింది. అంతకంటే ఎన్నో రెట్లు రావలసిన రికార్డు, సినిమా రాబడి మాత్రం ఇరుక్కుపోయింది. కచేరీకి ముందే సేవా సంస్థ పేరిట నమోదు చేయించలేదన్న కారణంతో అమెరికా ఆదాయపు పన్ను శాఖ మినహాయింపు ఇవ్వలేదు. బ్రిటన్ ఖజానా కూడా తన పన్ను వదులుకోలేదు. 1966లోనే 'టాక్స్‌మన్' పాట రాసి ఇద్దరు బ్రిటిష్ నాయకులను పేరు పెట్టి వెక్కిరించిన మనిషికి ఇది విధి చేసిన పరిహాసం. మూడు ఎల్పీల పెట్టె అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1971 డిసెంబర్ 20న. అప్పటికి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయి నాలుగు రోజులైంది. దేశం పుట్టింది, దాని పేరిట పోగైన సొమ్ము ఏళ్ల తరబడి ఖాతాల్లో మూలిగింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు పునరావాసం కల్పించిన కాలనీలు మన కాగజ్‌నగర్ పరిసరాల్లో నేటికీ ఉన్నాయి. ఆ రికార్డుకు ర్యాంకు ఇచ్చే హక్కు అసలు ఎవరిదన్న సందేహం అటువైపు వెళ్లినవారికి రావాలి.

2024 ఆగస్టు 5న షేక్ హసీనా ఢాకా విడిచి భారత్ చేరుకున్నాక, ముజిబ్ ప్రాణాలు వదిలిన ధన్మండీ ఇంటికి జనం నిప్పు పెట్టారు. ఆర్నెల్లకు దాన్ని నేలమట్టం చేశారు. 1971 ఎవరి ఆస్తి అన్న వివాదం అక్కడ ఇప్పుడు వీధుల్లో ఉంది. ఆ ఏడాది జ్ఞాపకాల్లో ఏ పార్టీ ఖాతాలోనూ పడనిది ఏదైనా ఉందా అంటే, ఈ మూడు ఎల్పీల పెట్టెను ఆ కొద్దిపాటి జాబితాలో చేర్చవచ్చు.

రెండో స్థానంలో 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' పేరు చూడగానే అభిమానులు కత్తులు దూస్తారని తెలిసిందే. 1970 నవంబర్‌లో వచ్చిన ఈ మూడు ఎల్పీల సంపుటి ఏ జాబితాలోనైనా మొదట ఉంటుంది. ఏళ్లతరబడి లెనన్, మెకార్ట్‌నీల నీడలో ఆల్బమ్‌కు ఒకటి రెండు పాటల కోటాతో సరిపెట్టుకున్న జూనియర్ భాగస్వామి, సంకీర్ణం కూలిన వెంటనే బయటికి వచ్చి ఒక్కసారిగా తలుపులు బద్దలు కొట్టిన రికార్డు ఇది. పేరు పెట్టిన పాటనే బీటిల్స్ పక్కన పెట్టింది. 'వా వా' పాట 1969 జనవరిలో బృందం నుంచి కోపంతో లేచి వచ్చేసిన రోజే రాసుకున్నది. 'బివేర్ ఆఫ్ డార్క్‌నెస్' వంటి పాట ఆ దశాబ్దంలో మళ్లీ హారిసన్ కూడా రాయలేదు. 'మై స్వీట్ లార్డ్'లో క్రైస్తవ స్తుతి ఎప్పుడు హరేకృష్ణ నామంగా మారిందో తెలియకుండా మారిపోతుంది. ఆ వెనకే మన బడిపిల్లలకు కంఠతా వచ్చే గురుస్తోత్రం వినిపిస్తుంది. మత మార్పిడుల మీద ఇంత రాద్ధాంతం జరిగే దేశంలో ఈ పాటను ఏ శిబిరం వారూ తమ వాదానికి వాడుకోలేకపోవడం దాని గొప్పతనం.

మరి రెండో స్థానం ఎందుకు? మూడో ఎల్పీ మొత్తం స్నేహితుల పిచ్చాపాటీ వాయిద్యం; ఒకసారి విన్నవారు రెండోసారి వినరు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ పోసిన ప్రతిధ్వనుల వరదలో గొంతు చాలాచోట్ల మునిగిపోయింది. అంతకంటే ముఖ్యం, అది పోగుపడిన దాన్ని వెళ్లగక్కిన రికార్డు. వెనక్కి చూసి తీర్చుకున్న లెక్క.

1973 మేలో వచ్చిన 'లివింగ్ ఇన్ ద మెటీరియల్ వరల్డ్' ముందుకు చూసి రాసుకున్న లెక్క. అందుకే దానికి మొదటి స్థానం. అమెరికాలో అయిదు వారాలు అగ్రస్థానంలో ఉండి కూడా, నీతిబోధ ఎక్కువైందని నాటి సమీక్షకుల్లో కొందరు మూతి విరిచారు. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. 'ద లార్డ్ లవ్స్ ద వన్' వంటి చోట ప్రవచనం వాసన వస్తుంది. కానీ స్పెక్టర్ హోరు తగ్గాక ఆ గొంతు ఎంత పలచనిదో, ఎంత నిజాయితీ గలదో ఇక్కడే మొదటిసారి తెలుస్తుంది. 'గివ్ మీ లవ్'లో స్లైడ్ గిటార్ మాట్లాడుతుంది. పేరు పెట్టిన పాటలో రాక్ హోరు ఆగి, జాకిర్ హుస్సేన్ తబలాతో ఆధ్యాత్మిక లోకం తలుపు తెరుచుకుని, మళ్లీ మూసుకుని, సంత గోల మొదలవుతుంది. అట్ట మీద చేతి ఫొటోలు రెండు. ముందువైపు అరచేతిలో హిందూ పతకం, వెనకవైపు అదే చేతిలో అమెరికా నాణేలు. బంగ్లాదేశ్ సొమ్ము పన్నుల శాఖల్లో ఇరుక్కున్నాక, దానం చేయడానికి మంచి మనసుతో పాటు దస్తావేజులు కూడా కావాలని తెలిసొచ్చిన మనిషి ఊహించుకున్న అట్ట అది. ఆ ఏడాదే లండన్ శివార్లలో ఒక పాత భవంతిని కొని ఇస్కాన్‌కు ఇచ్చాడు. అది నేటికీ భక్తివేదాంత మేనర్‌గా నడుస్తోంది.

ఈసారి ముందుగానే 'మెటీరియల్ వరల్డ్' పేరిట ఒక సేవా సంస్థను నమోదు చేయించాడు. ఆల్బమ్‌లోని పదకొండు పాటల్లో తొమ్మిదింటి హక్కులను దానికి రాసిచ్చాడు. చేతిలో ఉంచుకున్నవి రెండే. ఒకటి, రానీ స్పెక్టర్ కోసం మునుపెప్పుడో తయారుచేసిన పాట. రెండోది, బీటిల్స్ భాగస్వామ్యం కోర్టుకెక్కినప్పుడు రాసుకున్న దావాల పాట.